పీజీని డోలీ ఎక్కించాలి

ఎమర్జెన్సీ మెడిసిన్ ఎండీ మూడేళ్ల కోర్సు. ఆ మూడేళ్లూ పీజీ డాక్టరుకు మానిటరు, ఆక్సిజన్, సక్షన్ చేతికందేంత దూరంలోనే ఉంటాయి. ఎస్.కోట దగ్గర దారపర్తి కొండల మీంచి పేషెంటు డోలీలో దిగేటప్పుడు వాటిలో ఒక్కటీ ఉండదు. అలాంటి చోట చేసే వైద్యాన్ని, అంటే ఆసుపత్రికి దూరంగా చేసే వైల్డర్‌నెస్ మెడిసిన్‌ను, పీజీలకు నేర్పాలి. అమెరికాలో దీనికోసం వైల్డర్‌నెస్ మెడికల్ సొసైటీ 1983లోనే పుట్టింది. మంచు కాట్లు, ఎత్తైన పర్వతాల జబ్బులు అక్కడి రెసిడెంట్లకు అవసరమైన పాఠాలు. వాటినే విజయనగరానికి దించుకుంటే లాభం లేదు. ఇక్కడ ఎక్కువ గంటలు పాముకాటుకీ, డోలీ మోతకీ ఇవ్వాలి.

కట్లపాముతో మొదలుపెట్టడం మంచిది. ఇది కరిస్తే పెద్దగా నొప్పి ఉండదు, గాట్లు కూడా సరిగ్గా కనబడవు. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లారుజామున కడుపునొప్పి అంటాడు. గ్యాస్ అనుకుని ఇంజెక్షన్ చేసేలోపు కనురెప్పలు వాలిపోతాయి. ఆ తర్వాతి ముప్పు ఊపిరికే.

అసలు చిక్కు డోలీలోనే ఉంది. ఒక కర్రకు దుప్పటి కట్టి మోస్తే మనిషి విల్లులా వంగిపోతాడు, గడ్డం ఛాతీకి ఆనుతుంది. మెడ కండరాలు సడలినవాడికి గొంతు మూసుకుపోవడానికి అది చాలు. బోర్డు మీద గీసి చెబితే పీజీలు తలూపుతారు. అదే డోలీలో వాళ్లనే పడుకోబెట్టి, మెడ వదులుగా ఉంచమని చెప్పి, రెండు వందల మీటర్లు మోయిస్తే ఇక చెప్పాల్సింది ఉండదు. దారి వెడల్పుగా ఉంటే రెండు బొంగులు మూరెడు ఎడంతో పెట్టి, అడ్డకర్రలు బిగించి, పేషెంటును పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఒకరి వెనక ఒకరు నడవాల్సిన కాలిబాట అయితే దుప్పటి డోలీయే గతి. అప్పుడు భుజాల కింద చుట్టిన చీర పెడితే గడ్డం పైకి లేస్తుంది. వాంతి వస్తే వెంటనే దించి పక్కకు తిప్పాలి.

పది నిమిషాలకోసారి డోలీ దించి రెప్పలు ఎత్తమనాలి, ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమనాలి. ఇరవై ఐదు దాకా లెక్కపెట్టినవాడు పన్నెండు దగ్గర ఆగితే అంబు బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) బయటికి తీయాల్సిందే. ఆరు సెకన్లకొక ఊపిరి చాలు. కంగారులో గబగబా నొక్కితే గాలి పొట్టలోకి పోయి వాంతి తెప్పిస్తుంది. దాదాపు ప్రతి కొత్త చేయీ చేసే పొరపాటిది.

కాలికి తాడు బిగించి తెస్తే దాన్ని ఒక్కసారిగా విప్పకూడదు, ఆగిన విషం ఒక్కుమ్మడిగా ఒంట్లోకి పోతుంది. ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు), సెలైన్ సిద్ధమయ్యాకే మెల్లగా వదులు చేయాలి.

పీహెచ్‌సీలో రక్తం గడ్డకట్టే పరీక్షకు పొడి గాజు ట్యూబులో రెండు మి.లీ. తాజా రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూస్తే చాలు. ప్లాస్టిక్ ట్యూబు పనికిరాదు. డిటర్జెంటుతో కడిగిన గాజూ పనికిరాదు, మంచి రక్తం కూడా అందులో గడ్డకట్టకపోవచ్చు. అంతకంటే ప్రమాదం, గడ్డకట్టింది కదా విషం లేదనుకోవడం. ఈ పరీక్ష రక్తపింజరను పట్టిస్తుంది, కట్లపామును కాదు. రెప్పలు వాలుతుంటే ట్యూబు ఏం చెప్పినా ఏఎస్‌వీ పది వయల్స్ మొదలుపెట్టాలి, పిల్లలకూ అంతే. పొడి వయల్‌ను గిలకొట్టకూడదు, నురగ వస్తుంది, చేతిలో తిప్పాలి. రియాక్షన్ వస్తే తొడ కండరంలోకి ఇవ్వడానికి పెద్దవాళ్లకు 0.5 మి.గ్రా. అడ్రినలిన్ ముందే సిరంజిలో ఉండాలి.

జీడితోటల్లో తగిలే వడదెబ్బ గురించి నేర్పడానికి ఒక పూట చాలు. మాట తడబడి, ఒళ్లు 40 డిగ్రీలు దాటితే నుదుటి మీద తడిగుడ్డతో పని జరగదు. టార్పాలిన్ మూలలు పైకి పట్టుకుని, మనిషిని మధ్యలో ఉంచి, చల్లటి నీళ్లు పోసి కలుపుతూ ఉండాలి. 39కి దిగగానే ఆపాలి. శ్రీకాకుళం తీరంలో అయితే చేపల ఐస్ దొరుకుతుంది, కొండ మీద వాగునీళ్లే.