లేజర్ అంటే ఏ లేజర్? కంటి పొర ఆపరేషన్‌పై అపోహలు, వాస్తవాలు

నేను హన్మకొండలో ఆప్టోమెట్రిస్ట్‌ని. శుక్లాల (కంట్లో పుట్టుకతో ఉండే లెన్స్ మసకబారడం, ఊళ్లలో పొర అంటారు) ఆపరేషన్ చేసేది డాక్టరుగారు. అంతకుముందు కన్ను కొలిచి, లోపల పెట్టే లెన్స్ పవర్ లెక్క తేల్చడం నా పని. ములుగు, నర్సంపేట, పరకాల వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లు మెషీన్ మీద గడ్డం ఆనించగానే అడిగే మాట ఒకటే: "బిడ్డా, లేజరే గదా? కోసుడు ఉండదు గదా?" అందుకే ముందు ఆ సంగతి.

అపోహ: ఇప్పుడు శుక్లాల ఆపరేషన్ అంటే లేజర్ ఆపరేషనే.

కుట్లు లేకుండా, అదే రోజు ఇంటికి పంపించే మామూలు ఆపరేషన్ పేరు ఫేకో. అందులో లేజర్ ఉండదు, అల్ట్రాసౌండ్ ఉంటుంది. నల్లగుడ్డు ముందు అద్దంలా ఉండే కార్నియా అంచున మూడు మిల్లీమీటర్లలోపు గాటు పెట్టి, సన్నని ప్రోబ్‌తో మసకబారిన లెన్స్‌ను ముక్కలు చేసి పీల్చేస్తారు. ఆ లెన్స్‌ను చుట్టి ఉండే పల్చటి సంచిని మాత్రం ఉంచి, అందులోకి మడిచిన కొత్త లెన్స్ పంపిస్తారు. లోపలికి వెళ్లాక అది విచ్చుకుంటుంది. 1967లో అమెరికా డాక్టర్ చార్లెస్ కెల్మన్ తెచ్చిన పద్ధతి ఇది. పళ్ల డాక్టర్ దగ్గర గార తీసే అల్ట్రాసౌండ్ పరికరం చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చింది.

నిజంగా లేజర్ వాడే పద్ధతీ ఉంది. దాని పేరు ఫెమ్టోసెకండ్ లేజర్. 2008లో హంగరీలో జోల్టాన్ నాగీ మొదటిసారి వాడారు. గాటు పెట్టడం, సంచి ముందుభాగాన్ని గుండ్రంగా కోయడం, లెన్స్‌ను చీల్చడం వరకు లేజర్ చేస్తుంది. ఆ ముక్కలు బయటికి రావాలంటే మళ్లీ ఫేకో ప్రోబ్ దిగాల్సిందే. కొన్ని కళ్లలో ఇది డాక్టర్‌కు పనికొస్తుంది. మామూలు శుక్లాల్లో మాత్రం చివరికి వచ్చే చూపు రెండింట్లోనూ దాదాపు ఒకటేనని పెద్ద పరిశోధనలు తేల్చాయి. పత్తి డబ్బులు రాకముందే అప్పు తెచ్చి లేజర్ చేయించుకుంటామనేవాళ్లకు వద్దనే చెప్తాను.

ఇంకో లేజర్ యాగ్. "ఆపరేషన్ అయినంక మళ్ల పొర వచ్చింది" అంటారే, దానికి. తీసేసిన శుక్లం తిరిగి రాదు. లెన్స్ వెనక ఉంచిన సంచి పొర కొందరిలో నెలలకో ఏళ్లకో మసకబారుతుంది. కుర్చీలో కూర్చోబెట్టి, యాగ్ లేజర్‌తో దాని మధ్యలో చిన్న రంధ్రం చేస్తారు. కొద్ది నిమిషాల పని. అది చేయించుకున్నాయన ఊరికి పోయి "నాకు లేజర్‌తోని అయిదు నిమిషాల్ల అయిపోయింది" అంటాడు. లేజర్ ఆపరేషన్ అన్న మాట సగం ఇలాగే పాకిందని నా అనుమానం.

అపోహ: పొర బాగా ముదిరాకే తీయించాలి.

పెద్ద కోత పెట్టి లెన్స్ మొత్తం తీసేసి, సోడాబుడ్డి అద్దాలు చేతికిచ్చిన రోజుల్లో ఆగమనేవాళ్లు. ఇప్పుడు ఆగితే నష్టం. ముదిరేకొద్దీ లెన్స్ గట్టిపడుతుంది, పగలగొట్టడానికి అల్ట్రాసౌండ్ ఎక్కువ కావాలి, దాంతో కార్నియా లోపలి కణాలు దెబ్బతింటాయి. అవి మళ్లీ పుట్టవు. ఇంకా వదిలేస్తే కొందరికి కంట్లో ఒత్తిడి పెరిగి, కన్ను ఎర్రబడి, తలనొప్పి, వాంతులతో రావాల్సి వస్తుంది.

నా బల్ల దగ్గర కనిపించే నష్టం వేరు. పేషెంట్ లైటు వైపు చూస్తుంటే మెషీన్ కంటి పొడవు కొలుస్తుంది. చాలా ఆసుపత్రుల్లో ఆ కాంతి కూడా లేజరే, తెలుసా! పెద్దవాళ్ల కన్ను సుమారు 23, 24 మిల్లీమీటర్లు. అందులో ఒక్క మిల్లీమీటర్ తప్పితే ఆపరేషన్ తర్వాత అద్దాల పవర్ రెండున్నర, మూడు దాకా తేడా వస్తుంది. పొర బాగా ముదిరితే ఆ కాంతి లోపలికి పోదు, తెర మీద అంకె పడదు. అప్పుడు మత్తు చుక్క వేసి, అల్ట్రాసౌండ్ ప్రోబ్‌ను కంటికి ఆనించి కొలవాలి. చేయి కాస్త బరువైతే కన్ను నొక్కుకుపోయి పొడవు తక్కువ చూపిస్తుంది. అందుకే మళ్లీ మళ్లీ తీస్తాం, వాళ్లు విసుక్కుంటారు.

మరి ఎప్పుడు? పొర మామిడికాయ కాదు, పండేదాకా చూడటానికి. ఎదురు బండి లైటుకు కళ్లు చెదురుతున్నా, మిర్చి కల్లంలో తాలు కాయ ఏరలేకపోతున్నా టైం వచ్చినట్టే.

అపోహ: అద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తున్నా, చూపు తిరిగొచ్చింది.

బీడీలు చుట్టే అమ్మలు సంబరంగా చెప్పే మాట ఇది. లెన్స్ మధ్యభాగం గట్టిపడితే దగ్గరి చూపు కొన్నాళ్లు బాగుపడుతుంది, దూరం మసకబారుతుంది. అది శుక్లం మొదలైన గుర్తు. కంటి వెలుగు శిబిరంలో ఇచ్చిన అద్దాలు సరిపోవట్లేదని పక్కన పెట్టినవాళ్లూ ఒకసారి చూపించుకోవాలి.

చుక్కల మందుతో, ఆకు పసరుతో పొర కరగదు. పసరు పోస్తే కార్నియా మీద పుండు పడి, ఉన్న చూపూ పోవచ్చు.

ఆపరేషన్ తర్వాత పప్పు తింటే చీము పడుతుందన్నది ఒట్టి మాట, నిశ్చింతగా తినండి. ఆపరేషన్‌కు చలికాలం దాకా ఆగక్కర్లేదు. కన్ను బయటికి తీసి కడగరు. షుగర్ ఉంటే అదుపులో ఉండాలి, అంతే. కంట్లో నీళ్లు, పొలం దుమ్ము పడకుండా చూసుకోవాలి, నలపకూడదు. మొదటి రోజుల్లో నొప్పి, ఎరుపు పెరిగి చూపు తగ్గితే మాత్రం తెల్లారేదాకా కూడా ఆగొద్దు.

అపోహ: ఖరీదైన లెన్స్ వేస్తే అద్దాల అవసరమే ఉండదు.

మామూలు లెన్స్ ఒకే దూరానికి పనిచేస్తుంది. చాలామందికి దూరానికి సెట్ చేస్తాం, చదవడానికి అద్దాలు కావాలి. దగ్గరికీ దూరానికీ పనిచేసే మల్టీఫోకల్ లెన్స్‌తో అద్దాలు బాగా తగ్గుతాయి గానీ, కొందరికి రాత్రి లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. రాత్రిపూట లారీ నడిపే ఆయనకు నేనైతే అది చెప్పను. నీటికాసులతో (గ్లకోమా) కంటి నరం దెబ్బతిన్నా, షుగర్ వల్ల కంటి వెనక తెర, అంటే రెటీనా పాడైనా ఏ లెన్స్ వేసినా పోయిన చూపు రాదు. ఆ పరీక్షలు ముందే చేయించుకోవాలి. వరంగల్ ప్రాంతీయ కంటి ఆసుపత్రిలాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మామూలు లెన్స్ ఉచితమే.

ఇంకో మాట, ఇది మగవాళ్లకు. మూత్రం సమస్యకు టామ్సులోసిన్ మాత్ర వాడుతుంటే తప్పక చెప్పండి. దానివల్ల ఆపరేషన్ మధ్యలో కంటిపాప చిన్నదైపోవచ్చు. ముందే తెలిస్తే డాక్టర్ జాగ్రత్త పడతారు. మీ అంతట మీరు మానేయొద్దు, మానినా ఆ ప్రభావం పోదు. మాత్రల కవరు పట్టుకొస్తే చాలు.