కౌంటీ కుర్రాడు ఎవరివాడు?

2024 ఫిబ్రవరి 2న విశాఖపట్నంలో తన తొలి టెస్టు ఆడుతూ రోహిత్ శర్మను లెగ్ స్లిప్‌లో దొరకబుచ్చుకున్న ఇంగ్లండ్ ఆఫ్ స్పిన్నర్ షోయబ్ బషీర్‌కు అప్పటికి ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో ఆరు మ్యాచ్‌ల అనుభవం, పది వికెట్లు మాత్రమే ఉన్నాయి. ఇంగ్లండ్‌లో జిల్లాల్లాంటి కౌంటీల పేరిట వృత్తి జట్లుంటాయి; చిన్నప్పటి నుంచి సర్రే కౌంటీ వయోవర్గ జట్లలో ఆడిన ఇతన్ని 17 ఏళ్ల వయసులో ఆ కౌంటీ వదులుకోగా, 2022లో సోమర్సెట్ ఒప్పందం ఇచ్చింది. 2023 జూన్‌లో చెల్మ్స్‌ఫర్డ్ మైదానంలో అలిస్టర్ కుక్‌కు అతను బంతులు వేస్తున్న చిన్న వీడియో ఒకటి కెప్టెన్ బెన్ స్టోక్స్ కంటబడింది. దాన్ని ఆయన కోచ్‌కు పంపడంతోనే బషీర్ పేరు భారత పర్యటన చర్చలోకి వచ్చింది. పద్దెనిమిది కౌంటీలు ఏడాది పొడవునా కుర్రాళ్లను జల్లెడ పట్టే దేశంలో ఒక బౌలర్ భవిష్యత్తు ఫోన్ తెర మీద తేలడం వింతగానే ఉంటుంది గానీ, ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని బయటి నుంచి తెచ్చుకోవాలి అన్న తగవు కౌంటీ క్రికెట్‌లో నూట యాభై ఏళ్ల నాటిది.

ఎక్కువ డబ్బిచ్చిన జట్టుకు ఆడుతూ ఒకే సీజన్‌లో రెండు కౌంటీల తరఫున కనిపించే ఆటగాళ్లను కట్టడి చేయడానికి 1873లో నిబంధన వచ్చింది. పుట్టిన కౌంటీకైనా ఆడాలి, లేదా నిర్ణీత కాలం నివాసమున్న కౌంటీకైనా ఆడాలి; సీజన్ మొదట్లోనే ఏదో ఒకటి ఎంచుకోవాలి. కాగితం మీద సబబుగా కనిపించే ఈ నియమం ఎంత దూరం పోయిందో వాలీ హామండ్ విషయంలో బయటపడింది. సైనికోద్యోగి అయిన తండ్రి కొలువు కారణంగా హామండ్ కెంట్ కౌంటీలోని డోవర్‌లో పుట్టాడు; చదువు గ్లాస్టర్‌షైర్‌లోని సిరెన్సెస్టర్‌లో సాగింది, అక్కడి జట్టులోకే వచ్చాడు. కెంట్ పెద్ద, అప్పట్లో ఇంగ్లండ్ క్రికెట్‌ను శాసించే ఎంసీసీ క్లబ్బులో మాట చెల్లే లార్డ్ హారిస్ అభ్యంతరం చెప్పడంతో 1922 సీజన్ మధ్యలో అతను ఆట మానుకుని, నివాస అర్హత పూర్తయ్యేదాకా కూర్చోవలసి వచ్చింది. తర్వాత యాభై వేలకు పైగా ఫస్ట్ క్లాస్ పరుగులు చేసి ఇంగ్లండ్‌కు నాయకత్వం వహించిన ఆటగాడు కెంట్‌లో ఏనాడూ స్థిరపడలేదన్న సంగతిని ఆ నియమం పట్టించుకోలేదు.

యార్క్‌షైర్ ఇంకా పట్టుదలకు పోయి, తమ గడ్డ మీద పుట్టినవాళ్లే ఆడాలన్న కట్టుబాటును ఎక్కడా రాసుకోకుండానే దశాబ్దాల పాటు పాటించింది. ఆ జట్టుకు పాతికేళ్లకు పైగా కెప్టెన్‌గా ఉన్న లార్డ్ హాక్ మాత్రం పొరుగున లింకన్‌షైర్‌లో పుట్టినవాడు. కట్టుబాటు ఎవరి కోసమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. చివరికి 1992లో ఆ తలుపు తెరుచుకుంది. ముందుగా ఖాయం చేసుకున్న ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ క్రెయిగ్ మెక్‌డెర్మట్ గాయం వల్ల రాలేకపోవడంతో, 19 ఏళ్ల సచిన్ టెండూల్కర్ యార్క్‌షైర్ తొలి విదేశీ ఆటగాడై ఆ సీజన్‌లో వెయ్యికి పైగా పరుగులు చేశాడు. మాంచెస్టర్ పక్కన పుట్టి యార్క్‌షైర్‌లో పెరిగిన మైకేల్ వాన్‌కు దారి దొరికింది కూడా ఈ సడలింపుతోనే.

మిగతా కౌంటీలు ఈ పని 1968లోనే చేశాయి. నివాస కాలం కోసం ఆగకుండా ఒక విదేశీ ఆటగాణ్ని వెంటనే నమోదు చేసుకోవచ్చని ఆ ఏడాది అనుమతి రావడంతో వెస్టిండీస్ ఆటగాడు గ్యారీ సోబర్స్‌ను నాటింగ్‌హామ్‌షైర్, దక్షిణాఫ్రికా బ్యాటర్ బారీ రిచర్డ్స్‌ను హాంప్‌షైర్, ఫరోఖ్ ఇంజనీర్‌ను లాంకషైర్ తెచ్చుకున్నాయి. ఆగస్టు 31న స్వాన్సీలో సోబర్స్ ఒకే ఓవర్లో కొట్టిన ఆరు సిక్సర్లు ఆ నిర్ణయం ఫలమే. అప్పట్లో విదేశీయుడంటే సీజనంతా ఉండేవాడు. 1991లో డెర్బీషైర్‌కు వెళ్లిన హైదరాబాదీ అజహరుద్దీన్ రెండు వేలకు పైగా పరుగులు చేశాడు. 2025లో హాంప్‌షైర్‌కు వెళ్లిన మరో హైదరాబాదీ తిలక్ వర్మ రెండు శతకాలు కొట్టినా ఆడింది నాలుగు మ్యాచ్‌లే. ఐపీఎల్, అంతర్జాతీయ సిరీస్‌ల మధ్య దొరికే ఖాళీలోనే ఇప్పుడు బేరం కుదరాలి.

ఇక్కణ్నుంచి నియమాలు క్రికెట్ పెద్దల చేతిలోంచి జారిపోయాయి. స్లొవేకియాకు చెందిన హ్యాండ్‌బాల్ గోల్‌కీపర్ మారోష్ కోల్పాక్ కేసులో 2003లో యూరోపియన్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు వల్ల, యూరోపియన్ యూనియన్‌తో ఒప్పందాలున్న దేశాల ఆటగాళ్లను విదేశీయులుగా లెక్కించడానికి వీల్లేకపోయింది. 2004లో లెస్టర్‌షైర్‌కు వచ్చిన క్లాడ్ హెండర్సన్‌తో మొదలై దక్షిణాఫ్రికా నుంచి వలస సాగింది. 2017లో కైల్ అబాట్, రైలీ రూసో తమ దేశపు జట్టును వదులుకుని హాంప్‌షైర్‌లో చేరారు. బ్రెగ్జిట్‌తో ఆ దారి 2020 చివర మూసుకుపోగా, 2021 నుంచి కౌంటీ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో ఇద్దరు విదేశీయులను ఆడించుకునే వీలు కల్పించారు. స్థానిక కుర్రాళ్ల చోటు తగ్గుతోందన్న ఫిర్యాదు ఈ ఇరవై ఏళ్లలో ఆగింది లేదు.

ఆ ఫిర్యాదులో సగమే నిజం ఉందనడానికి డరమ్ చరిత్ర చాలు. 1992లో పద్దెనిమిదో కౌంటీగా అడుగుపెట్టినప్పుడు ఆ జట్టు ఇయాన్ బోథమ్, డీన్ జోన్స్ వంటి పేరున్నవాళ్లను కొనుక్కుని పట్టికలో అట్టడుగున నిలిచింది. తర్వాత సొంత అకాడమీ మీద దృష్టి పెట్టి 2008, 2009, 2013లో ఛాంపియన్ అయింది. 2013 జట్టులో స్టోక్స్, మార్క్ వుడ్, స్టోన్‌మన్, బోర్త్‌విక్ అందరూ అక్కడ తయారైనవాళ్లే. అయితే అప్పులు ముంచుకొచ్చి 2016లో ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు సాయం తీసుకున్నందుకు డరమ్‌ను రెండో డివిజన్‌కు దించి, మరుసటి సీజన్‌ను 48 పాయింట్ల లోటుతో మొదలుపెట్టించారు. స్టోన్‌మన్, బోర్త్‌విక్ సర్రేకు, ఓపెనర్ కీటన్ జెన్నింగ్స్ లాంకషైర్‌కు వెళ్లిపోయారు. 2000లో వచ్చిన రెండు డివిజన్ల విధానం పోటీని పెంచిన మాట నిజమే. పెంచినవాడికి కాక కొన్నవాడికి లాభం చేకూర్చిన మాట కూడా నిజమే.

అకాడమీ గుమ్మం దాకా ఎవరు రాగలుగుతున్నారన్నది ఇంకా లోతైన ప్రశ్న. క్రికెట్‌లో సమానత్వంపై నియమించిన స్వతంత్ర సంఘం 2023 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2021లో ఇంగ్లండ్‌కు ఆడిన పురుషుల్లో 58 శాతం మంది ప్రైవేటు బడుల్లో చదివినవాళ్లు. దేశ జనాభాలో అలాంటివాళ్లు 7 శాతమే. వారాంతపు మైదానాల నిండా ఉండే దక్షిణాసియా కుటుంబాల పిల్లలు వృత్తి క్రికెట్ మెట్టు దగ్గర పలచబడిపోతున్నారని గమనించి, పరిశోధకుడు టామ్ బ్రౌన్, మాజీ ఇంగ్లండ్ బౌలర్ కబీర్ అలీ కలిసి సౌత్ ఏషియన్ క్రికెట్ అకాడమీని నడుపుతున్నారు. కౌంటీలు వదిలేసినవాళ్లకు, కంటబడనివాళ్లకు సాధనతో పాటు కౌంటీల రెండో జట్లతో మ్యాచ్‌లు ఏర్పాటు చేయడం దాని పని. అలా 2022లో కాషిఫ్ అలీకి వోస్టర్‌షైర్ ఒప్పందం దొరికింది. కౌంటీలే చేయవలసిన వెతుకులాట బయటివాళ్ల మీద పడిందన్న మాట.

బషీర్ సంగతికొస్తే, 2025 ఏప్రిల్ నాటికి అతను ఇంగ్లండ్ టెస్టు జట్టులో మొదటి స్పిన్నర్. సోమర్సెట్‌లో మాత్రం ఆ చోటు జాక్ లీచ్‌ది కావడంతో, సీజన్ మొదట్లో ఓవర్లు వేసే అవకాశం కోసం అతన్ని గ్లమోర్గన్‌కు అరువిచ్చారు.