కోడిగుడ్ల ధర నుంచి లీగ్ వన్ దాకా: బ్లాక్‌బర్న్ రోవర్స్ నేపథ్యం

మన పత్రికల్లో కోడిగుడ్ల ధర చూసేవాళ్లకు ‘నెక్’ అనే మాట పరిచయమే. జాతీయ గుడ్ల సమన్వయ కమిటీకి అది పొట్టిపేరు. 1982లో ఆ సంస్థ ఏర్పాటుకు ముందుండి నడిచిన వ్యక్తి హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ బండా వాసుదేవరావు. 1971లో ఆయన ప్రారంభించిన వెంకటేశ్వర హేచరీస్ పుణె కేంద్రంగా ఎదిగి, దేశంలో కోళ్ల పరిశ్రమకే పెద్దదిక్కయింది. ఆయన 1996లో కన్నుమూశారు. పద్నాలుగేళ్ల తర్వాత, 2010 నవంబరులో, ఆయన పిల్లలు అనురాధా దేశాయ్, వెంకటేశ్ రావు, బాలాజీ రావు ఇంగ్లండ్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బును 2.3 కోట్ల పౌండ్లకు కొన్నారు. అదే బ్లాక్‌బర్న్ రోవర్స్. ఏడేళ్లు తిరక్కుండానే ఆ జట్టు మూడో అంచెలో, లీగ్ వన్‌లో ఆడవలసి వచ్చింది. అక్కడి అగ్ర అంచె అయిన ప్రీమియర్ లీగ్ గెలిచిన జట్టు ఒకటి అంత కిందికి దిగడం అదే మొదటిసారి.

ఆ 2017-18 సీజన్‌ను అర్థం చేసుకోవాలంటే ముందు ఆ ఊరిని తెలుసుకోవాలి. బ్లాక్‌బర్న్ లాంకషైర్‌లోని నేత ఊరు. అక్కడి మరమగ్గాల మీద తయారైన సరుకులో ధోవతులది పెద్ద వాటా. అవన్నీ మన దేశానికే వచ్చేవి. విదేశీ వస్త్ర బహిష్కరణ తర్వాత, 1931 సెప్టెంబరులో గాంధీజీ బ్లాక్‌బర్న్‌ను ఆనుకుని ఉన్న డార్వెన్‌కు వెళ్లి మిల్లు కార్మికులను కలిశారు. ఆ మిల్లుల్లో పనిచేసే స్త్రీలు ఆయన చుట్టూ చేరి చేతులెత్తి కేరింతలు కొడుతున్న ఫోటో ఈనాటికీ కనిపిస్తుంది. ఆ ఊరికీ మనకూ మధ్య లెక్కలు 2010లో మొదలైనవి కావు.

రోవర్స్ 1875లో పుట్టింది. 1888లో ఫుట్‌బాల్ లీగ్‌ను ప్రారంభించిన పన్నెండు క్లబ్బుల్లో ఒకటి. ఎఫ్‌ఏ కప్పును ఆరుసార్లు గెలిచింది, అందులో ఐదు 19వ శతాబ్దంలోనే. మిల్లులు మూతపడుతూ వచ్చిన కాలంలో జట్టు కూడా చితికిపోయింది. 1970లలో మూడో డివిజన్‌లో నాలుగేళ్లు గడిపింది, 1979-80లో మళ్లీ ఒక ఏడాది ఉంది. కాబట్టి 2017లో పెద్దవాళ్లకు ఆ మెట్టు కొత్త కాదు. పిల్లలకే కొత్త.

ఆ పిల్లల తల్లిదండ్రులు మాత్రం వేరే బ్లాక్‌బర్న్‌ను చూశారు. అదే ఊళ్లో పుట్టి ఇనుము వ్యాపారంలో కోట్లు గడించిన జాక్ వాకర్ 1991లో క్లబ్బును చేతిలోకి తీసుకున్నారు. చిన్నప్పటి నుంచి ఆయన ఆ జట్టు అభిమాని. జట్టు సొంత మైదానం ఈవుడ్ పార్క్ గ్యాలరీలను తిరిగి కట్టించారు, కెన్నీ డాల్‌గ్లీష్‌ను మేనేజర్‌గా తెచ్చారు, 1992లో ఆలన్ షియరర్‌ను కొన్నారు. 1994-95లో షియరర్ లీగ్‌లో 34 గోల్స్ కొట్టాడు. 1995 మే 14న, ఆఖరి రోజున, బ్లాక్‌బర్న్ లివర్‌పూల్‌లో 2-1తో ఓడిపోయింది. అదే సమయానికి మాంచెస్టర్ యునైటెడ్ వెస్ట్‌హామ్‌తో డ్రా చేసుకోవడంతో ప్రీమియర్ లీగ్ కప్పు మాత్రం బ్లాక్‌బర్న్‌కే దక్కింది. వాకర్ 2000లో మరణించారు. జట్టు 1999లో ఒకసారి దిగిపోయినా 2001లో తిరిగి పైకి వచ్చి, 2002లో లీగ్ కప్ గెలిచి, పదకొండేళ్లు ప్రీమియర్ లీగ్‌లో నిలబడింది. వాకర్ ట్రస్టు నుంచి క్లబ్బును కొన్నది పుణె సంస్థే.

కొని నెల తిరగకుండానే, 2010 డిసెంబరు 13న, మేనేజర్ శామ్ అల్లర్డైస్‌ను తొలగించారు. అప్పటికి జట్టు పదమూడో స్థానంలో ఉంది. ఆయన స్థానంలోకి వచ్చిన స్టీవ్ కీన్ ఎప్పుడూ ఒక పెద్ద జట్టుకు మేనేజర్‌గా పనిచేసినవాడు కాదు. నా దృష్టిలో అసలు తప్పు అక్కడే జరిగింది. యజమానులను కోళ్ల వ్యాపారులని వెక్కిరించినవాళ్లు అక్కడా ఇక్కడా ఉన్నారు. ఆ వెక్కిరింత నాకు ఏనాడూ నచ్చలేదు. వాకర్ అమ్మింది ఇనుము, వీళ్లు అమ్మేది కోడి, వ్యాపారంలో ఎక్కువ తక్కువలు లేవు. తేడా దూరంలో ఉంది. వాకర్‌కు తన నిర్ణయం మంచిదో చెడ్డదో శనివారం సాయంత్రానికి గ్యాలరీలోనే తెలిసిపోయేది. పుణెకు ఆ సంగతి ఎవరో ఒకరు మోసుకెళ్లాలి. ఆట తెలిసినవాళ్లను ఒక్కొక్కరినీ దూరం చేసుకున్న తర్వాత నిజం మోసుకెళ్లేవాళ్లు ఎవరు మిగులుతారు?

2012 మే 7 రాత్రి వాన పడుతోంది. విగన్‌తో ఆడుతున్న మ్యాచ్‌లో ఎవరో క్లబ్బు జెండా చుట్టిన ఒక కోడిని మైదానంలోకి వదిలారు. తడిసిన గడ్డి మీద అది బిత్తరపోయి తిరిగింది. 87వ నిమిషంలో విగన్ ఆటగాడు ఆంటోలిన్ అల్కరాజ్ గోల్ చేశాడు. ప్రీమియర్ లీగ్‌లో బ్లాక్‌బర్న్ కథ ఆ రాత్రితో ముగిసింది, జట్టు రెండో అంచెకు దిగింది.

తర్వాతి సీజన్‌లో మేనేజర్లు వచ్చిన దారినే పోయారు. హెన్నింగ్ బెర్గ్ 57 రోజులు, మైకేల్ ఆపిల్‌టన్ 67 రోజులు ఉన్నారు. బెర్గ్‌కు 22 లక్షల పౌండ్లకు పైగా చెల్లించాలని కోర్టు తీర్పు చెప్పింది. ఖర్చుల నిబంధన దాటినందుకు 2014 డిసెంబరు నుంచి ఏడాది పాటు కొత్త ఆటగాళ్లను డబ్బు పెట్టి కొనే వీలు లేకుండా పోయింది. గోల్స్ కొట్టే జోర్డన్ రోడ్స్‌ను 2016లో అమ్మేశారు. కింది అంచెకు దిగిన క్లబ్బులకు ప్రీమియర్ లీగ్ కొన్నేళ్లు ఇచ్చే సొమ్ము కూడా అప్పటికి ఆగిపోయింది. ముప్పై ఒక్క వేల మంది పట్టే ఈవుడ్ పార్క్‌కు పన్నెండు పదమూడు వేల మందే వస్తున్నారు. కోపంతో ఇంట్లో కూర్చున్నవాళ్లే మిగతావాళ్లు.

2017 మే 7న చివరి మ్యాచ్ బ్రెంట్‌ఫర్డ్‌లో జరిగింది. బ్లాక్‌బర్న్ 3-1తో గెలిచింది. కానీ దిగిపోయే ప్రమాదంలోనే ఉన్న నాటింగ్‌హామ్ ఫారెస్ట్ 3-0తో, బర్మింగ్‌హామ్ 1-0తో గెలిచాయి. ఫారెస్ట్‌కూ బ్లాక్‌బర్న్‌కూ సమానంగా 51 పాయింట్లు. గోల్ తేడాలో (కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చిన గోల్స్ తీసేస్తే మిగిలేది) రెండంటే రెండు గోల్స్ వెనకబడి బ్లాక్‌బర్న్ లీగ్ వన్‌కు దిగింది. 46 మ్యాచ్‌ల సీజన్‌లో ఎక్కడో ఒక చలి మధ్యాహ్నం అలవోకగా వదిలేసిన రెండు గోల్స్ అవి.

ఆ ఫిబ్రవరిలోనే వచ్చిన టోనీ మౌబ్రే మేనేజర్‌గా కొనసాగాడు. ఆయన పుణె వెళ్లి యజమానులతో ముఖాముఖి మాట్లాడాడు. వాళ్లు ఆయన్ను నమ్మి పని చేసుకోనిచ్చారు. అప్పటి దాకా ఈ క్లబ్బులో జరగనిది అదే. గిలింగ్‌హామ్ నుంచి బ్రాడ్లీ డాక్ అనే కుర్రవాణ్ణి సుమారు ఏడున్నర లక్షల పౌండ్లకు తెచ్చుకున్నారు.

ఆరంభం భయపెట్టింది. సౌత్ఎండ్‌లో 2-1తో ఓటమి, సొంతగడ్డ మీద డాంకాస్టర్ చేతిలో 3-1తో ఓటమి. లీగ్ వన్‌లో 24 జట్లు, మొదటి రెండింటికే నేరుగా ప్రమోషన్. మూడు నుంచి ఆరు స్థానాల వాళ్లు మిగిలిన ఒక్క చోటు కోసం ప్లేఆఫ్ ఆడాలి. ఒకప్పుడు షియరర్‌ను చూసిన అభిమానులు ఇప్పుడు ఫ్లీట్‌వుడ్, రోచ్‌డేల్, బరీ లాంటి చిన్న ఊళ్ల మైదానాలకు బస్సుల్లో వెళ్లారు. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ చిన్న ప్రయాణాలే వాళ్లను మళ్లీ జట్టు దగ్గరకు చేర్చాయి. జట్టు గెలవడం నేర్చుకుంది. సీజన్ మొత్తంలో 28 విజయాలు, 12 డ్రాలు, ఆరే ఓటములు. డాక్ లీగ్‌లో 18 గోల్స్ చేసి లీగ్ వన్ ఉత్తమ ఆటగాడయ్యాడు.

2018 ఏప్రిల్ 24న డాంకాస్టర్ మైదానంలోనే లెక్క తేలింది. చివరి పావుగంటలో చార్లీ మల్‌గ్రూ చేసిన ఒకే ఒక్క గోల్‌తో గెలిచి, పదిహేడేళ్ల తర్వాత బ్లాక్‌బర్న్ ప్రమోషన్ అందుకుంది. 98 పాయింట్లతో విగన్ ప్రథమం, 96తో బ్లాక్‌బర్న్ ద్వితీయం. ఆక్స్‌ఫర్డ్‌తో ఈవుడ్‌లో జరిగిన ఆఖరి మ్యాచ్‌కు 27 వేల మందికి పైగా వచ్చారు. ఇళ్లలో కూర్చున్నవాళ్లు తిరిగి వచ్చారన్న మాట.

యజమానుల పట్ల న్యాయంగా ఉండాలంటే ఇంకో మాట చెప్పాలి. నష్టాలు పూడ్చడానికి వాళ్లు పెట్టిన డబ్బు పది కోట్ల పౌండ్లు దాటింది. అదే సీజన్‌లో లీగ్ వన్‌లో ఆడిన బరీకి డబ్బుతో ఆదుకునేవాళ్లు లేక 2019లో లీగ్ నుంచే బహిష్కరణ ఎదురైంది. బ్లాక్‌బర్న్‌కు ఆ గతి పట్టలేదు. అయితే యజమానుల సంస్థ మీద భారత్‌లో జరిగిన దర్యాప్తు కారణంగా ఇంగ్లండ్‌కు డబ్బు పంపడానికి ఢిల్లీ హైకోర్టు అనుమతి కోరవలసి వచ్చినప్పుడు, ఆ ఒక్క దారి మీదే బతకడం ఎంత ప్రమాదమో ఊరికి అర్థమైంది. 2024 ఫిబ్రవరిలో ఆడమ్ వార్టన్ అనే ఆటగాణ్ణి క్రిస్టల్ ప్యాలెస్‌కు 1.8 కోట్ల పౌండ్లకు అమ్మారు. మొత్తం క్లబ్బును కొన్న ధరకు అది ఎంతో దూరం కాదు. వార్టన్ బ్లాక్‌బర్న్‌లోనే పుట్టినవాడు. డాంకాస్టర్‌లో మల్‌గ్రూ గోల్ కొట్టిన రాత్రికి అతనికి పద్నాలుగేళ్లు, రోవర్స్ అకాడమీలో ఆట నేర్చుకుంటున్నాడు.