గోగాన్ అడవి: అపోహలు – వాస్తవాలు

ఆయిల్ పెయింటింగ్ నేర్చుకోవడానికి వచ్చే ప్రతి బ్యాచ్‌కూ ఒక రోజంతా ఈ ఒక్క అడవి బొమ్మే చూపిస్తాను. ఫ్రెంచి చిత్రకారుడు పాల్ గోగాన్ 1897–98లో పసిఫిక్ దీవి తాహితిలో వేసిన ‘మనం ఎక్కడి నుంచి వచ్చాం? మనమెవరం? ఎక్కడికి పోతున్నాం?’. ఎత్తు 139 సెంటీమీటర్లు, వెడల్పు 374 పైచిలుకు. ఇప్పుడు బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ఉంది. ఏ బ్యాచ్ వచ్చినా అవే మాటలు వింటుంటాను.

అపోహ: కళ్లెదుట ఉన్నది ఉన్నట్టు వేశాడు.
చిక్కంతా ఇక్కడే. 1891లో గోగాన్ దిగేసరికి తాహితి ఫ్రెంచి వలస. మిషనరీలు వచ్చి తొంభై ఏళ్లు దాటింది. ఆడవాళ్లు ఒళ్లంతా కప్పే గౌన్లు తొడుక్కుంటున్నారు. బొమ్మలోని నీలి విగ్రహం అతను కల్పించుకున్నదే. ఎడమ చివర ముసలమ్మ తల పట్టుకుని ముడుచుకున్న తీరు పారిస్ మ్యూజియంలో చూసిన పెరూ మమ్మీది. 1891లోనే వేసిన ఇంకో తాహితి బొమ్మలో చేతులు జోడించిన స్త్రీలైతే జావాలోని బోరోబుదూర్ బౌద్ధ స్తూపం శిల్పాల ఫొటోల నుంచి వచ్చినవాళ్లు.

అపోహ: అదంతా అమాయకపు స్వర్గం.
అతను అక్కడ కాపురం పెట్టిన అమ్మాయిలకు పదమూడు, పద్నాలుగేళ్లు. ఈ ముక్క దాటేసి రంగుల్లోకి వెళ్లడం నేను మానేశాను.

అపోహ: అడవంటే ఆకుపచ్చ.
పిల్లలు ముందు పచ్చ ట్యూబే పిండుతారు. ఈ బొమ్మలో ఈ చివర నుంచి ఆ చివరకు నీలం, వెరోనీస్ గ్రీన్ అనే నీలి ఛాయ పచ్చ. వాటి మీద ఒళ్లు నారింజ. ప్రింట్‌లో మనుషులను అరచేత్తో మూసి చూడండి, అడవి సగం చీకటైపోతుంది.

అపోహ: ప్లాన్ లేకుండా, నెల రోజుల్లో, గోనెగుడ్డ మీద వేసేశాడు.
మిత్రుడు దానియెల్ ద మోంఫ్రేకు రాసిన ఉత్తరంలో చెప్పుకున్నది అదే. కానీ గళ్లు గీసిన డ్రాయింగ్ ఒకటి మిగిలింది. చిన్న బొమ్మను పెద్దది చేసేటప్పుడు మనం గీసుకునే గళ్లే. అది బొమ్మ తర్వాత గీసిందనే వాదనా ఉంది. నాకైతే నమ్మకం లేదు: ఇందులో కొన్ని భంగిమలు అతని పాత బొమ్మల్లో అప్పటికే ఉన్నాయి.

గోనె మాట మాత్రం నిజం. ఒకసారి నేనూ వేసి చూశాను. జిగురు రెండు పూతలు పూసినా మొదటి రంగును తాగేసింది. రంగు పోగుల మీదే నిలిచి, సందులు ఖాళీగా ఉండిపోయాయి. గోగాన్ రంగు పల్చగా వేశాడు, నేత కనిపిస్తూనే ఉంటుంది. ఆకులకు ఆ గరుకు అక్కడి నుంచే.

అపోహ: ఎడమ నుంచి చూడాలి.
కుడి నుంచి. పసిబిడ్డ అక్కడుంది, ముసలమ్మ ఎడమ చివర.

అపోహ: పై మూలల పసుపు, పూర్తిచేయక వదిలేసింది.
కావాలనే వేశాడు. బంగారు గోడ మీది పాత చిత్రానికి మూలలు పాడైనట్టు కనిపించాలని. ఎడమ మూలలో ఫ్రెంచిలో బొమ్మ పేరు రాశాడు. మూడూ ప్రశ్నలే, ప్రశ్నార్థకం ఒక్కటీ పెట్టలేదు.