ఎలుగుబంటి గేట్ల ఇల్లు: అపోహలు - వాస్తవాలు

స్కాట్లాండ్‌లో గైడ్‌గా పనిచేస్తున్నాను. ఎడిన్‌బరోకి దక్షిణాన, ట్వీడ్ నది దగ్గరున్న ట్రాక్వేర్ హౌస్‌కి ఎవరిని తీసుకెళ్లినా బస్సు దిగీ దిగగానే అవే మాటలు.

అపోహ: ఇంత పాత ఇల్లు చెక్కుచెదరలేదంటే బాగా డబ్బున్నవాళ్లే అయ్యుంటారు.
నిజానికి డబ్బు లేకపోవడమే దీన్ని కాపాడింది. 1633లో ఎర్ల్ అనే ప్రభువు బిరుదు పొందిన, ఈ ఇంటి యజమాని జాన్ స్టువర్ట్ స్కాట్లాండ్ కోశాధికారి దాకా ఎదిగాడు, చివరికి పేదరికంలో 1659లో పోయాడు. తర్వాతి తరాలు కాథలిక్కులయ్యారు, గద్దె పోగొట్టుకున్న స్టువర్ట్ రాజుల పక్షాన నిలబడ్డారు. ఇక పదవులెక్కడివి? ఐదో ఎర్ల్ 1746లో లండన్ టవర్ కోటలో ఖైదీ అయ్యాడు. చేతిలో డబ్బాడే జమీందార్లు పాత ఇళ్లు పడగొట్టి కొత్త ఫ్యాషన్‌లో భవంతులు లేపుకుంటుంటే, వీళ్లు ఉన్నదాంట్లోనే సర్దుకున్నారు. 17వ శతాబ్దం చివర రెండు పక్కలా రెక్కల్లాంటి భాగాలు కట్టాక బయటి రూపం దాదాపు అలాగే ఉండిపోయింది.

అపోహ: మొత్తం 1107లో కట్టిందే.
కాదు. అప్పట్లో ఇది రాజులు వేటకొస్తే దిగే విడిది. ఇప్పుడు కనిపించేది ఒక బురుజు చుట్టూ తరతరాలుగా పెరిగిన ఇల్లు.

అపోహ: రహస్య మెట్లు నిధి కోసం.
పిల్లలకి ఇదంటే భలే ఇష్టం, కాదంటే మొహాలు చిన్నబోతాయి. 1560 తర్వాత స్కాట్లాండ్‌లో కాథలిక్ పూజ చట్టవిరుద్ధం. పై అంతస్తు గదిలో ఒక ఫాదర్ దాక్కుని ఉండేవాడు. సోదాకి మనుషులొస్తే అల్మారా వెనక మెట్లమీంచి జారుకోవడమే. ఆయన పూజ వస్త్రాలు చూడండి: తెల్లటి బొంతకుట్టు పని. మంచం మీద పరిస్తే దుప్పటే అనుకుంటారు! కాథలిక్కులపై ఆంక్షలు 1829లో తొలగాకే ఈ దొంగచాటు బతుకు తప్పింది.

అపోహ: ఎప్పుడూ మూసి ఉండే పెద్ద గేటు తాళం తుప్పుపట్టి రావట్లేదు.
ఇది నిజంగానే ఒకాయన అడిగారు. స్తంభాల మీద రాతి ఎలుగుబంట్లున్న ఈ గేటు 1738 నాటిది. పోయిన గద్దె కోసం పోరాడిన స్టువర్ట్ వంశపు యువరాజు చార్లీ 1745లో ఇటునుంచే వెళ్లాడట. స్టువర్ట్ రాజు మళ్లీ పట్టమెక్కేదాకా తెరవనని ఐదో ఎర్ల్ మూయించాడని ఇంటివాళ్ల కథ. 1796లో ఏడో ఎర్ల్ భార్య పోయినప్పుడు మూశారని ఇంకో కథ కూడా ఉంది. నేను రెండూ చెబుతాను, జనం మొదటిదే గుర్తుపెట్టుకుంటారు. గేటు దగ్గర్నుంచి ఇంటిదాకా ఒకప్పటి దారిలో ఇప్పుడు పచ్చిక. మనం పక్కదారినే వెళ్లాలి.

అపోహ: ఇక్కడ కాచే బీరు టూరిస్టుల కోసం పెట్టిన గిమ్మిక్కు.
ఇంటి కిందే 18వ శతాబ్దపు సారా... కాదు, బీరు కాచే గది ఉంది. సామాన్ల కింద మరుగునపడ్డ 1739 నాటి రాగి కాగుని ఇరవయ్యో వారసుడు పీటర్ మాక్స్‌వెల్ స్టువర్ట్ బయటపెట్టి, 1965లో మళ్లీ పొయ్యి వెలిగించాడు. రుచి సంగతి తిరుగు ప్రయాణంలో బస్సులో చెప్పుకుందాం, డ్రైవరు మాత్రం ముట్టడు.