చిన్న గాలిమరలు: టేపు పెట్టి కొలిస్తే తేలిపోయే అపోహలు

సోలార్, బ్యాటరీల పనితో పాటు చిన్న గాలిమరలు కూడా బిగిస్తుంటాను. ఎవరైనా రెండు బ్రోషర్లు ముందు పెట్టి "ఇది కిలోవాట్, అది ఆరువందల వాట్లు. కిలోవాటుదే ఎక్కువ ఇస్తుంది కదండీ?" అంటే, ముందు రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకి ఎంతుంటాయో చూడమంటాను.

అపోహ: కిలోవాట్లు ఎక్కువుంటే కరెంటు ఎక్కువ వస్తుంది.

వాస్తవం: ఆ కిలోవాట్ ఎంత గాలికి అన్నది బ్రోషర్లో ఏ మూలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒకరు సెకనుకు 11 మీటర్ల గాలికి లెక్క చెబితే ఇంకొకరు 14 మీటర్లకు చెబుతారు. గాలి వేగం రెట్టింపైతే దానిలోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అందుకే ఆ మూడు మీటర్ల తేడాకే శక్తి రెట్టింపు దాటుతుంది.

రెక్కల వ్యాసం 2 మీటర్లున్న మర తీసుకోండి. గాలిలోని శక్తిలో 30 శాతం పట్టిందనుకుంటే, 12 మీటర్ల గాలికి దాదాపు కిలోవాట్ ఇస్తుంది. అదే మర 5 మీటర్ల గాలికి, అంటే గంటకు 18 కిలోమీటర్ల వేగానికి, ఇచ్చేది 70 వాట్లే. ఒక సీలింగ్ ఫ్యానుకు సరిపోతుందేమో!

నెదర్లాండ్స్‌లోని జీలాండ్‌లో రకరకాల చిన్న మరలను ఒకే మైదానంలో నిలబెట్టి 2008 ఏప్రిల్ నుంచి ఏడాది పాటు మీటరు రీడింగ్ తీశారు. 5 మీటర్ల వ్యాసమున్న మోంటానా 2,691 యూనిట్లు, 3.7 మీటర్ల స్కైస్ట్రీమ్ 2,109 యూనిట్లు ఇచ్చాయి. మీటరు వ్యాసమున్న ఎనర్జీ బాల్ ఏడాదంతా తిరిగి ఇచ్చింది 73 యూనిట్లు. పోలిక అంటే ఇలా ఉండాలి. ఒకే చోట, ఒకే గాలికి. ఆషాఢంలో మీ ఊరి రీడింగును మాఘంలో పక్క ఊరి రీడింగుతో పోలిస్తే ఏమీ తేలదు.

అపోహ: నిలువు ఇరుసు చుట్టూ తిరిగే మరలు ఎక్కువ ఇస్తాయి.

వాస్తవం: అదే మైదానంలో నిలువు రకం టర్బీ 247 యూనిట్లు, మామూలు రెక్కల ఆంపెయిర్ 245 ఇచ్చాయి. సమానమే కదా అనుకోకండి, గాలిని పట్టే వైశాల్యం టర్బీకి రెండింతలకు పైనే ఉంది.

అపోహ: సగటు గాలి వేగం ఒకటే అయితే కరెంటూ అంతే వస్తుంది.

వాస్తవం: ఒక ఊళ్లో రోజంతా 5 మీటర్ల గాలి. ఇంకో ఊళ్లో సగం రోజు ఆకు కదలదు, మిగతా సగం 10 మీటర్లు. రెండు చోట్లా సగటు ఐదే. కానీ రెండో ఊరి గాలిలో నాలుగు రెట్ల శక్తి ఉంది.

అపోహ: డాబా మీద తిరుగుతోందంటే కరెంటు వస్తున్నట్టే.

వాస్తవం: ఒక ఇంట్లో 24 వోల్టుల బ్యాటరీకి కలిపిన మర చక్కగా తిరుగుతోంది. వైరులో పారే కరెంటును కొలిచే క్లాంప్ మీటరు పెడితే సున్నా. నెమ్మదిగా తిరిగినప్పుడు జనరేటరు వోల్టేజీ బ్యాటరీ వోల్టేజీని దాటలేదు, ఇక కరెంటు ఎలా పారుతుంది? పైగా గాలి వచ్చే వైపునే వాటర్ ట్యాంకు. జానెడు గుడ్డ పీలికను కర్రకు కట్టి అక్కడే నిలబెట్టాను. ఒకసారి తూర్పుకి, ఒకసారి పైకి, మరుక్షణం కర్రకే చుట్టుకుంది. గాలి సుడులు తిరిగే చోట మరకు అటూ ఇటూ తల తిప్పుకోవడంతోనే సరిపోతుంది. చుట్టూ 150 మీటర్లలో ఉన్న ఇళ్లు, చెట్ల కంటే రెక్కల కింది అంచు కనీసం 30 అడుగులు ఎత్తులో ఉండాలని మేం చూసుకునేది ఇందుకే. బ్రిటన్‌లో ఇళ్ల మీద పెట్టిన మరలను కొలిచిన వార్విక్ పరీక్షల్లోనూ ఇదే కనబడింది. ఆపి ఉంచిన రోజులు కూడా కలిపి ఒక్కో మర రోజుకు సగటున 214 వాట్-అవర్లే ఇచ్చింది, అంటే పావు యూనిట్ కూడా కాదు.

ఆ ఇంటాయన చివరికి ఇంకో రెండు సోలార్ ప్యానెళ్లు పెట్టించుకున్నారు. మరను మాత్రం దించలేదు, చూడ్డానికి బాగుందట.