సముద్రంలో కురిసే వానకు రెయిన్ గేజ్

నవంబరులో తిరుపతి వానలు చూసినవాళ్లకు ఈ చిక్కు వెంటనే అర్థమవుతుంది. గాలి లేనప్పుడు చినుకు నిటారుగా రెయిన్ గేజ్‌లో పడుతుంది. వాయుగుండం పట్టి జల్లు అడ్డంగా కొడితే మాత్రం చాలా చినుకులు డబ్బా మూతి మీదుగా ఎగిరిపోతాయి. వీధిలో మోకాలిలోతు నీళ్లున్నా గేజ్ తక్కువే చూపిస్తుంది.

సముద్రం లోపలా ఒక వాన ఉంది. చచ్చిన నాచు, చిన్న జీవుల మలం గుళికలు ఒకదానికొకటి అతుక్కుని కిందికి దిగుతుంటాయి. గాలిలోంచి సముద్రంలో చేరిన కార్బన్‌లో కొంత ఈ వానతోనే లోతుకు పోతుంది. దాన్ని పట్టడానికి తాళ్లకు వేలాడదీసే గొట్టాలనూ గరాటాలనూ సెడిమెంట్ ట్రాప్‌లంటారు.

గాలి చేసే పని అక్కడ ప్రవాహం చేస్తుంది. రోజుకు 100 మీటర్లు దిగే రేణువు, సెకనుకు 10 సెంటీమీటర్ల ప్రవాహంలో అదే రోజు 8 కిలోమీటర్లకు పైగా పక్కకు కొట్టుకుపోతుంది. 1980లో సముద్ర శాస్త్రవేత్త విల్ఫర్డ్ గార్డ్‌నర్ నీటి కాలువల్లో రకరకాల ట్రాప్‌లు పెట్టి చూశారు. గరాటాలు తక్కువ పట్టాయి, సన్నటి మెడ సీసాలు ఎక్కువ పట్టాయి, నిటారు గొట్టాలు నయమనిపించాయి. ఇది చాలదన్నట్టు బతికున్న జీవులు తామే ఈదుకుంటూ వచ్చి, పట్టింది కుళ్లకుండా ట్రాప్‌లో పోసిన మందుకు చచ్చేవి. వాటిని ఏరకుండా తూచడమంటే నెయ్యిలో పడ్డ చీమలను కలిపి కాటా పెట్టినట్టే.

ఇలాంటి గొట్టాలతోనే 1987లో జాన్ మార్టిన్ బృందం పసిఫిక్‌లో పేరుమోసిన లెక్క కట్టింది. దాని ప్రకారం 100 మీటర్ల దగ్గర దిగిన కార్బన్‌లో 1000 మీటర్లకు చేరేది దాదాపు 14 శాతమే. గొట్టం తప్పు చెబితే పట్టుకునేదెవరు? వేరే కొలబద్ద కావాలి. ఆ పనికి థోరియం-234 అనే రేడియోధార్మిక పదార్థం దొరికింది. నీటిలో కరిగిన యురేనియం నుంచి అది ఎప్పుడూ పుడుతూ ఉంటుంది, రేణువులకు అంటుకుంటుంది, 24 రోజుల్లో సగమవుతుంది. పైనీటిలో యురేనియంతో పోలిస్తే థోరియం ఎంత తగ్గిందో చూస్తే ఎంత కిందికి పోయిందో తెలుస్తుంది. 1991లో కెన్ బ్యూస్లర్ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, పైపొరల ట్రాప్‌లు 3 నుంచి 10 రెట్లు ఎక్కువో తక్కువో చూపించాయి. ఈ రంగంలో టెన్షన్ అప్పుడే మొదలైంది.

థోరియమూ తిరుగులేని సాక్షి కాదు. దాన్ని కార్బన్‌లోకి మార్చాలంటే రేణువుల్లో రెండింటి నిష్పత్తి కావాలి. అందుకు రేణువులను పట్టక తప్పదు, ఒక్కోసారి ట్రాప్‌తోనే! 2000 ప్రాంతంలో నీటితోపాటే తేలుతూ పోయే ట్రాప్‌లొచ్చాక మూతి దగ్గర ప్రవాహం గొడవ చాలావరకు తగ్గింది.

మన స్వర్ణముఖి కలిసే బంగాళాఖాతంలో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, హాంబర్గ్ విశ్వవిద్యాలయం 1987లో ట్రాప్‌లు దించాయి. పైది సుమారు 1000 మీటర్ల దగ్గర, మిగిలినవి ఇంకా కింద. అక్కడ ప్రవాహం నెమ్మది, ఈదొచ్చే జీవులూ తక్కువ. నదులు మోసుకొచ్చిన మట్టి కూడా వాటిలో పడింది. కానీ పైన 100 మీటర్ల దగ్గర ఎంత దిగిందో వాటిని అడిగి లాభం లేదు. అందులో చాలా భాగాన్ని దారిలోనే బ్యాక్టీరియా, చిన్న జీవులు తినేస్తాయి.